వంద పెట్టెలతో తేనెటీగల పెంపకం మొదలుపెట్టవచ్చా?

పల్నాడు జిల్లా నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఆయనకు సొంత పొలం లేదు. ప్రైవేటు ఉద్యోగం మానేసి, ఆరు లక్షల రూపాయలు అప్పు తెచ్చి, వంద ఇటాలియన్ తేనెటీగల పెట్టెలు కొనాలనుకుంటున్నారు. పెట్టెకు ఏడాదికి 40 కిలోల తేనె వస్తుందని, కిలో 400 రూపాయలకు అమ్ముకోవచ్చని, అంటే ఏడాదికి 16 లక్షలని వీడియోల్లో చూశారు. ఈ లెక్క నిజమేనా, ఈ రంగంలో అసలు ఇబ్బందులు ఎక్కడ ఉన్నాయి అని అడుగుతున్నారు.

నేను ఇరవై రెండేళ్లుగా ఏలూరు పరిసరాల్లో ఉంటూ ఈ పనే చేస్తున్నాను. నలభై పెట్టెలతో మొదలుపెట్టి, ఒక దశలో మూడు వందల అరవై దాకా వెళ్లి, ఇప్పుడు రెండు వందల దగ్గర ఆగాను. మిమ్మల్ని నిరుత్సాహపరచాలని నాకు లేదు. ఈ పని మీద నాకున్న ఇష్టం ఇన్నేళ్లయినా తగ్గలేదు. అయితే అప్పు పత్రం మీద సంతకం పెట్టే ముందు మీకు తెలియవలసినవి కొన్ని ఉన్నాయి.

సొంత పొలం లేకపోయినా ఈ వ్యాపారం చేయవచ్చని మీకు చెప్పినవారు అబద్ధం చెప్పలేదు. కానీ మా కష్టాలన్నింటికీ మూలం అక్కడే ఉంది. పాడి రైతు తన గేదెకు కావలసిన గడ్డిని తన గట్టు మీదనే పెంచుకోగలడు. తేనెటీగల పెంపకందారుడి మంద మాత్రం చుట్టూ రెండు మూడు కిలోమీటర్ల మేర ఇతరుల పొలాల్లో మేస్తుంది. ఆ పొలంలో ఏ పంట వేయాలో, ఏ పూట ఏ మందు కొట్టాలో నిర్ణయించేది మనం కాదు. చివరికి తేనె ధరను నిర్ణయించేది కూడా మనం కాదు.

ముందుగా పూల సంగతి చెబుతాను. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో పొద్దుతిరుగుడు మాకు అన్నం పెట్టిన పంట. కర్నూలు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లోనూ, పక్కనే కర్ణాటకలోని రాయచూరు, బళ్లారి ప్రాంతాల్లోనూ చలికాలమంతా పసుపు పూత కనిపించేది. 1990లలో దేశం మొత్తం మీద 20 లక్షల హెక్టార్లకు పైగా ఉన్న పొద్దుతిరుగుడు సాగు ఇప్పుడు అందులో పదో వంతు స్థాయికి కుంచించుకుపోయింది. విదేశాల నుంచి చవకగా దిగుమతైన నూనెలు గిట్టుబాటును దెబ్బతీశాయి. నెక్రోసిస్ వైరస్ తెగులు, రామచిలుకల బెడద తోడయ్యాయి. రైతులు మొక్కజొన్నకు, శనగకు మారిపోయారు. మొక్కజొన్నలో ఈగలకు పుప్పొడి దొరుకుతుంది గానీ మకరందం ఉండదు. మా పశ్చిమ గోదావరి వైపు విస్తరించిన ఆయిల్‌పామ్ తోటలదీ అదే పరిస్థితి: ఆ చెట్టుకు పరాగసంపర్కం చేసేది ఒక ముక్కుపురుగు, మన ఈగకు అక్కడ తేనెకు పనికివచ్చేది ఏమీ లేదు. పచ్చగా కనిపించే ప్రాంతమంతా ఈగకు మేత ఉన్న ప్రాంతం కాదని గుర్తించడానికి నాకు రెండేళ్లు పట్టింది. కొత్తవారు అందరూ మొదట చేసే పొరపాటు ఇదే.

అందుకే పూత వెంట పెట్టెలను తిప్పక తప్పదు. మా తిరుగుడు ఇలా సాగుతుంది: అక్టోబరు, నవంబరు నెలల్లో పాడేరు, అరకు వైపు వలిసె పూలు, ఆ తర్వాత మిగిలిన కొద్దిపాటి పొద్దుతిరుగుడు, నంద్యాల వైపు ధనియాల పైరు, ఫిబ్రవరి నుంచి కేరళ రబ్బరు తోటలు, వేసవిలో వేప, కానుగ, జామాయిల్. రబ్బరు తోటలో తేనె పువ్వు నుంచి రాదు. ఆకు రాలి కొత్త చిగురు వేసినప్పుడు మూడు ఆకులు కలిసే చోట ఊరే తీపి రసాన్ని ఈగలు తెస్తాయి. తేనె బాగా వస్తుంది గానీ పుప్పొడి చాలినంత దొరకదు కాబట్టి పిల్ల ఈగల పెంపకం తగ్గి, రెండు నెలల తర్వాత తిరిగి వచ్చేసరికి పెట్టెలోని ఈగల కుటుంబం పలచబడి ఉంటుంది. ఎక్కువ తేనె తీసిన చోటే ఎక్కువ బలహీనపడి వస్తామని ఏ వీడియోలోనూ చెప్పరు.

ప్రయాణం మరొక పరీక్ష. పొద్దు గూకి ఈగలన్నీ ఇల్లు చేరాక ద్వారాలకు జాలీ బిగించి, లారీకి ఎక్కించి, తెల్లవారి ఎండ ముదరక ముందే దించి ద్వారాలు తెరవాలి. ఒకసారి కేరళ వెళ్తుండగా మా లారీ ఇరుసు దెబ్బతిని, మధ్యాహ్నం దాకా రహదారి పక్కనే నిలిచిపోయింది. ఆందోళనతో ఈగలు లోపలే రెక్కలాడిస్తూ వేడిని మరింత పెంచుతాయి; ఆ వేడికి మైనపు పట్లు మెత్తబడి విరిగిపడతాయి; తేనె కారి ఈగలు అందులోనే మునిగి చనిపోతాయి. ఆ రోజు నూట ఇరవై పెట్టెల్లో ముప్పై ఎనిమిది పోయాయి. నీళ్లు చల్లుతూ, గోనె సంచులు తడిపి కప్పుతూ మిగిలినవాటిని కాపాడుకున్నాము. ఆ నష్టానికి నాకు ఎక్కడా ఒక్క రూపాయి రాలేదు.

ఇక జూన్ నుంచి సెప్టెంబరు దాకా కోస్తా మైదానంలో మాకు కరువు కాలం. వానలు పడతాయి, పూత ఉండదు, ఉన్న పూతకు కూడా ఈగలు వెళ్లలేవు. ఆ నాలుగు నెలలు చక్కెర పాకం పెట్టి కుటుంబాలను బతికించుకోవాలి. నా అనుభవంలో పెట్టెకు ఎనిమిది కిలోల దాకా చక్కెర పడుతుంది. పాకం పెట్టడం ఆలస్యమైతే బలమైన పెట్టె ఈగలు బలహీనమైన పెట్టెను దోచుకుంటాయి, బలహీనపడిన పట్లలోకి మైనపు పురుగు చేరుతుంది, ద్వారం దగ్గర కందిరీగలు కాపు కాస్తాయి. పరాయి పొలాల్లో తేనె తీసిన వాళ్లను మీరు చాలామందిని చూస్తారు. వర్షాకాలం దాటించిన వాళ్లు వారిలో సగం మంది కూడా ఉండరు. ఒక పథకం కింద మా పక్క మండలంలో యువకులకు పెట్టెలు పంచారు. శిక్షణ రెండు రోజులే ఇచ్చారు. తర్వాతి దసరాకు వెళ్లి చూస్తే ఆ పెట్టెల్లో కోళ్లకు గుడ్లు పొదిగిస్తున్నారు. ఆ పిల్లలది తప్పని నేను అనను. ఏడాది పొడవునా పక్కన ఉండి నేర్పే మనిషి లేకుండా ఈగలను ఇవ్వడం సరైన పని కాదు.

మీరు పల్నాడు వారు కాబట్టి పురుగు మందుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మీ చుట్టూ మిరప, పత్తి ఉన్నాయి. 2021లో మిరపకు నల్ల తామర పురుగు వచ్చినప్పుడు గుంటూరు, ఖమ్మం రైతులు రోజు విడిచి రోజు మందులు కొట్టవలసి వచ్చింది. పంట మొత్తం పోతున్న రైతు చేతిలోని స్ప్రేయరును తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ ఆ పంట కాలంలోనే జనవరిలో మేము దించిన పెట్టెలకు అర కిలోమీటరు దూరంలో ఉదయం తొమ్మిది గంటలకు మందు కొట్టారు. మధ్యాహ్నానికి ప్రతి పెట్టె ముందూ నాలుకలు బయటికి చాచి గిరగిరా తిరుగుతూ చనిపోతున్న ఈగల కుప్పలు ఉన్నాయి. ఆ రోజు కనిపించిన నష్టం సగమే. మేతకు వెళ్లే ఈగలు ఒక్కసారిగా పోతే లోపలి పిల్లలకు ఆహారం, వెచ్చదనం అందించేవారు ఉండరు. తర్వాతి మూడు వారాలు ఆ కుటుంబం లోలోపలే కరిగిపోతుంది. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ వంటి మందులైతే చంపని మోతాదులోనే ఈగకు ఇంటి దారి మరిచిపోయేలా చేస్తాయి. ఐరోపా సమాఖ్య 2018లో ఈ జాతి మందులు మూడింటిని ఆరుబయట పొలాల్లో వాడకుండా నిషేధించింది. మన దగ్గర అవి విత్తన శుద్ధి దగ్గర నుంచే మొదలవుతాయి.

దీనికి నేను కనుగొన్న మార్గం ఒక్కటే, అది కూడా సగం మార్గమే: పెట్టెలు దించే ముందు చుట్టుపక్కల రైతుల ఇళ్లకు స్వయంగా వెళ్లి, ఫోను నంబరు ఇచ్చి, మందు కొట్టే ముందు రోజు చెప్పమని, సాయంత్రం పొద్దు వాలాక కొట్టమని చేతులు జోడించి అడగడం. సంక్రాంతికి ఒక్కో ఇంటికి ఒక సీసా తేనె ఇస్తాను. చెప్పినవారు ఉన్నారు, మరిచిపోయినవారూ ఉన్నారు. మా ఈగల వల్ల పుచ్చ, దోస, పొద్దుతిరుగుడు దిగుబడి పెరుగుతుందని అనుభవంతో తెలిసిన రైతులు మాత్రం పిలిచి మరీ చోటు ఇస్తారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో బాదం తోటల వారు పూత కాలానికి ఒక్కో పెట్టెకు 200 డాలర్ల దాకా అద్దె చెల్లిస్తారు; అక్కడి పెంపకందారులకు తేనె కన్నా ఈ అద్దే పెద్ద ఆధారం. హిమాచల్ ప్రదేశ్ ఆపిల్ తోటల్లో కూడా అద్దె ఇచ్చే అలవాటు ఉంది. మన దగ్గర చాలా చోట్ల ఇంకా మనమే చోటుకు అద్దె కడుతున్నాము. హైబ్రిడ్ కూరగాయల విత్తనాలు పండించే రైతులతో మాట్లాడి చూడండి. పరాగసంపర్కం విలువ వారికి వేరే చెప్పనవసరం లేదు.

జబ్బుల విషయానికి వస్తే, మీరు కొనబోయే ఈగ మన దేశానికి కొత్తది. 1962లో ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటా బాగ్వాన్‌లో డాక్టర్ అత్వాల్ బృందం దీన్ని విజయవంతంగా స్థిరపరిచాక పంజాబ్ నుంచి దేశమంతా విస్తరించింది. మన పుట్టతేనె ఈగ, ఈగల ఒంటిని పట్టి పీడించే వరోవా నల్లితో వేల ఏళ్లుగా కలిసి బతికి, దాన్ని ఒంటి మీద నుంచి దులుపుకోవడం నేర్చుకుంది. ఇటాలియన్ ఈగకు ఆ విద్య అంతగా రాదు. కొండతేనె ఈగ నుంచి సంక్రమించిన ట్రోపిలీలాప్స్ అనే మరో చిన్న నల్లి ఇంకా వేగంగా పెరుగుతుంది. అలాగని పుట్టతేనె ఈగ పూర్తిగా సురక్షితం కాదు: 1991, 92 ప్రాంతంలో పిల్ల ఈగలను చంపే థాయ్ సాక్‌బ్రూడ్ వైరస్ వచ్చి కేరళ, కర్ణాటక, తమిళనాడులలో ఆ ఈగల కుటుంబాలలో తొంభై శాతానికి పైగా తుడిచిపెట్టింది. తరతరాల పెంపకందారులు ఆ దెబ్బతో వృత్తి వదిలేశారు.

నల్లికి ఫార్మిక్ ఆమ్లం ఆవిరి, థైమాల్, పెట్టెలో పట్లు ఉండే చట్రాల మీద గంధకం పొడి వంటివి వాడతాము. మోతాదు, వేడి, సమయం కుదరకపోతే రాణి ఈగే పోతుంది. తేనె నింపే కాలంలో ఏ మందూ పెట్టకూడదు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి: ఎవరో చెప్పారని పాకంలో యాంటీబయాటిక్ పొడి కలపవద్దు. ఆ అవశేషం తేనెలో నిలిచి ఉంటుంది. 2010లో ఐరోపా సమాఖ్య మన దేశపు తేనెను నిలిపివేసింది ఇటువంటి అవశేషాల వల్లనే. ఆ నిషేధం తొలగడానికి ఏడాదికి పైగా పట్టింది. ఎక్కడో ఒక తోటలో రాత్రి పూట ఒకరు కలిపిన చెంచాడు పొడికి దేశంలోని పెంపకందారులందరూ మూల్యం చెల్లించారు.

ఇప్పుడు మీరు అసలు అడిగిన ధర సంగతి. కిలో 400 రూపాయలు అనేది సీసా మీద ధర. పెద్ద డబ్బాల్లో టోకున కొనే వ్యాపారి పోయినసారి నాకు ఇచ్చింది 120 రూపాయలు. అంతకన్నా తక్కువకు అమ్మిన సంవత్సరాలు కూడా ఉన్నాయి. ఈ తేడాకు కల్తీ ఒక ముఖ్య కారణం. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల నుంచి 22 నమూనాలు పరీక్షించగా, అన్ని పరీక్షలూ దాటినవి ఐదే. మొక్కజొన్న, చెరకు పాకాలను పట్టే పాత పరీక్షలను తప్పించుకోవడానికి బియ్యం వంటివాటి నుంచి ప్రత్యేకంగా పాకాలు తయారు చేస్తున్నారని, వాటిని అణువుల స్థాయిలో తేనెను పరిశీలించే ఎన్.ఎం.ఆర్. పరీక్ష మాత్రమే బాగా పట్టగలదని ఆ పరిశోధన చూపింది. ఆ పరీక్ష యంత్రాలు దేశంలో కొన్ని చోట్లే ఉన్నాయి, ఖర్చు చిన్న పెంపకందారుడు భరించేది కాదు. తేనె ధరలో సగం కూడా లేని పాకం కలిపి అమ్మేవాడితో ధరలో పోటీపడడం ఎవరికీ సాధ్యం కాదు.

దీనికి తోడు, కొనేవారి నమ్మకాలు కూడా అసలు తేనెకే ఎదురు తిరుగుతున్నాయి. నీళ్లలో చుక్క వేస్తే కరగకూడదని, కుక్క ముట్టకూడదని, వత్తి ముంచి వెలిగిస్తే మండాలని మన ఊళ్లలో ఇప్పటికీ పరీక్షిస్తారు. చిక్కటి పాకం ఈ పరీక్షలన్నీ నెగ్గుతుంది. పొద్దుతిరుగుడు, ఆవ తేనెలు గ్లూకోజు ఎక్కువ ఉండడం వల్ల కొద్ది వారాల్లోనే పేరుకుపోతాయి; అది వాటి సహజ గుణం. అలా పేరుకున్న తేనెను చక్కెర కలిపారంటూ నా ముందే తిరిగి ఇచ్చినవారు ఉన్నారు. వేసవి ఎండలోనూ చలిలోనూ ఒకే తీరుగా జారుతూ కనిపించే సీసాను అదే చేతులతో కొనుక్కుంటారు. ఈ బాధ మాటల్లో చెప్పలేను. సీసా మీద పూత పేరు, తీసిన నెల రాసి, పేరుకుంటే గోరువెచ్చని నీటిలో ఉంచమని చీటీ అంటించడం మొదలుపెట్టాక నా దగ్గర కొనేవారు మెల్లగా పెరిగారు. ఇప్పుడు నా తేనెలో దాదాపు మూడో వంతు నేరుగా ఇళ్లకు వెళ్తోంది. ఆ స్థితికి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

ఎగుమతుల మాట కూడా చెప్పాలి. మన తేనె ఎగుమతుల్లో అత్యధిక భాగం అమెరికాకే, అది కూడా ఎక్కువగా ఉత్తరాది ఆవ తేనె. 2022లో అమెరికా మన తేనె మీద ఆరు శాతం చుట్టుపక్కల యాంటీ డంపింగ్ సుంకం (మరీ చౌకగా వచ్చి పడే సరుకు మీద వేసే పన్ను) వేసింది. చౌక ఎగుమతులను ఆపడానికి 2024 మార్చిలో మన ప్రభుత్వం టన్నుకు 2,000 డాలర్ల కనీస ఎగుమతి ధర నిర్ణయించింది. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరాయి. మీకు అమెరికాతో పని లేదనిపించవచ్చు. కానీ హర్యానా, పంజాబ్ గిడ్డంగుల్లో డబ్బాలు కదలకపోతే అదే వ్యాపారి మన దగ్గర కొనడం ఆపేస్తాడు, లేదా ధర తగ్గిస్తాడు. ఎన్నడూ చూడని మార్కెట్టు మీద మన బతుకు ఆధారపడి ఉండడం అంటే ఇదే.

వ్యాపారి ధర కోయడానికి వాడే మరో కారణం తేమ. ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. డబ్బు అవసరమై, గదుల మీద మైనపు మూత పడకముందే తీసిన తేనెలో అంతకన్నా ఎక్కువ ఉంటుంది, కొన్నాళ్లకు పులుస్తుంది. పట్టులో కనీసం మూడింట రెండు వంతులు మూత పడే దాకా ఆగండి. అప్పు వాయిదా తరుముతున్న మనిషి ఆగలేడు. అప్పుతో మొదలుపెట్టవద్దని నేను చెప్పడానికి ఇది ఒక ముఖ్య కారణం.

మీ 16 లక్షల లెక్కను ఇప్పుడు తిరిగి వేద్దాము. కొత్తవారికి పెట్టెకు సగటున 25 కిలోలు వస్తే అది మంచి సంవత్సరమే. వంద పెట్టెలకు 2,500 కిలోలు, టోకు ధర 120 చొప్పున మూడు లక్షలు. చక్కెర పెట్టెకు ఎనిమిది కిలోలు, కిలో 45 చొప్పున 36,000. ఏడాదికి నాలుగు తరలింపులు, ఒక్కోటి కనీసం 25,000 చొప్పున లక్ష. మీతో పాటు ఒక సహాయకుడికి ఎనిమిది నెలలు, నెలకు 12,000 చొప్పున 96,000. మిగిలేది 68,000. ఆరు లక్షల అప్పుకు 12 శాతం వడ్డీ వేసుకున్నా 72,000 అవుతుంది. ఇందులో చనిపోయే పెట్టెలను, మైనపు అట్టలను, మీ సొంత శ్రమను నేను కలపలేదు. అనుభవం వచ్చాక కుటుంబాలను విడదీసి అమ్మడం, మైనం, పుప్పొడి, నేరు అమ్మకాలు ఈ లెక్కను మారుస్తాయి. నా ఇల్లు నడుస్తున్నది వాటి వల్లనే. మొదటి ఏడాది అవేవీ మీ చేతిలో ఉండవు.

కాబట్టి నా సమాధానం: వంద వద్దు, పది పెట్టెలు కొనండి, ఉద్యోగం అప్పుడే మానవద్దు. ముందుగా ఏలూరు దగ్గర విజయరాయిలో ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రం వంటి చోట శిక్షణ గురించి విచారించండి. ఆపైన పనిలో ఉన్న ఒక పెంపకందారుడితో కనీసం ఒక పూత కాలం తిరగండి. తేనెటీగ కుట్టినప్పుడు మీకు ఊపిరి ఆడకపోవడం, ఒళ్లంతా దద్దుర్లు రావడం వంటివి ఉన్నాయేమో ముందే వైద్యుడికి చూపించుకోండి. కేంద్ర ప్రభుత్వపు మధుక్రాంతి పోర్టల్‌లో నమోదు చేసుకోండి. రాయితీలు అడిగేటప్పుడు అది ఉపయోగపడుతుంది. కొనేటప్పుడు పెట్టె మూత తెరిపించి చూడండి: ఎనిమిది చట్రాలు ఈగలతో నిండి ఉండాలి, వాటిలో నాలుగైదింటిలో గుడ్లు, పిల్లలు వత్తుగా కనిపించాలి, రాణి వయసు ఏడాది లోపు ఉండాలి. ఎండలో మూత తీయనివ్వని అమ్మకందారుడి దగ్గర కొనవద్దు.

వలిసె పూతకు ముందు, సెప్టెంబరు చివర కొంటే కరువు కాలం దాటిన కుటుంబాలు దొరుకుతాయి. ఆ పదింటినీ పక్క ఏడాది సెప్టెంబరు దాకా మీరే స్వయంగా చూసుకోండి, ప్రతి పెట్టెకూ ఒక నోటు పుస్తకం పెట్టి ఎంత చక్కెర పెట్టారో, ఎప్పుడు నల్లి కనిపించిందో, ఎన్ని కిలోలు తీశారో రాయండి. ఎనిమిదో తొమ్మిదో మిగిలితే ఆ పుస్తకం తీసుకుని నా దగ్గరకు రండి. ముప్పైకి పెంచే సంగతి అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాము.